నీలం బకెట్

కత్తిరి మొదలవడానికి పదిరోజుల ముందు
ఆదివారం పొద్దున్నే కుర్చీ ఎక్కుతాను.
రోహిణీకార్తెలో రోళ్లు పగులుతాయనేది మా అమ్మ.
పెరంబూరులో ఈ రెండు గదుల వాటాలో
రోలు లేదు, మిక్సీ ఉంది.
పగలాలంటే ఇక మేమే పగలాలి.

ఏసీ మూతకి రెండుపక్కలా బొటనవేళ్లు ఆనించి
టక్కుమనేదాకా పైకెత్తాలి,
కుక్కపిల్ల నోరు తెరిచి మాత్ర వేసేటప్పటిలా.
లోపల రెండు జల్లెళ్లు.
వాటి మీద బూడిదరంగు కంబళి,
ఆరు వారాలుగా మాకు తెలియకుండా మేమే నేసింది.
వకుళ జడలోంచి రాలినవీ
నా యూనిఫాం మోసుకొచ్చిన కోచ్ ఫ్యాక్టరీ పెయింటు పొడీ
మెట్రో కోసం వీధి చివర తవ్వుతున్న మట్టీ
శుక్రవారం సాంబ్రాణీ
అన్నీ కలిసిపోయి ఉన్నాయి.
ఒక మూల పట్టి లాగితే
మొత్తం ఒకే ముక్కగా ఊడొచ్చింది.
కాసేపు పారెయ్యబుద్ధి కాలేదు.

పంపు కింద పెట్టి,
వేణ్ణీళ్లు వద్దు, గట్టి బ్రష్షు వద్దు,
ఉత్త అరచేత్తో, పసిదానికి తలంటినట్టు.
నీళ్లు మొదట నల్లగా, తర్వాత టీ రంగులో,
చాలాసేపటికి నీళ్లలా.
నీడలో ఆరబెట్టాలి.
తొందరపడి ఒకేడు మేడమీద ఎండలో పెట్టాను,
ఎడమ జల్లెడ అప్పట్నించీ వంకర.

నా చేతనైంది అంతవరకే.
లోపలి రేకుల సంగతి ఎబినేజరుది.
ఏడాదికోసారి వస్తాడు, మూత తియ్యగానే
"ఏమి సార్, శానా జామ్ అయిపోయి ఉండాది" అంటాడు.
ముత్తాతల నాడు నెల్లూరు దాటొచ్చిన తెలుగు.
చదవడం రాదు, మాట మాత్రం
డబ్బాలో దాచిన పాత నాణెంలా మోగుతుంది.
గొడుగు తిరగేసినట్టు ప్లాస్టిక్ సంచి కట్టి
సన్నటి ధారతో రేకుల సందులు కడుగుతాడు.
పోయినేడు బోర్డు వెనకనించి
ఎండిపోయిన బల్లిని తీసి నా చేతిలో పెట్టాడు,
తోక కూడా విరగకుండా.
ఆ రాత్రి వకుళ ఏసీ వెయ్యనివ్వలేదు.

వకుళకి ఇరవై కావాలి, నాకు ఇరవై ఆరు.
రిమోటు దిండు కింద దాచుకునే వయసు దాటిపోయాం.
అయినా పోయిన నెల, చీటీ డబ్బు
నేను చెప్పకుండా షణ్ముగానికిచ్చిన సంగతి బయటపడిన రాత్రి,
ఆమె పద్దెనిమిదిలో పెట్టి అటు తిరిగి పడుకుంది.
నేను దుప్పటి అడగలేదు.
బాల్కనీలో నీలం బకెట్లోకి
తెల్లార్లూ చుక్క, చుక్క.

"ఈ నీళ్లు ఎక్కణ్ణించొస్తాయి?" ఇవాళ అడిగాను.
ఎబినేజరు పైపు ఊదుతూ నవ్వాడు.
"బయటివి కావు సార్. రూములోవే.
మీరు ఇడిసే ఊపిరి, చెమట.
చల్ల రేకు తగిలితే నీళ్లయిపోతాది."

ఆ బకెట్టు, ఊరంతా లారీల వెనక
బిందెలతో పరిగెత్తిన ఏడాది పెట్టింది.
అంతకుముందు మా పైపు
కింద వాటా ఎస్తర్ టీచరు ఆరేసిన బట్టల మీద కారేది.
మూడేళ్లు మాటల్లేవు.
ఇప్పుడు పొద్దున్నే ఖాళీ సీసా పట్టుకుని మెట్లెక్కుతుంది.
ఉప్పుండదట, ఇస్త్రీపెట్టెలో పోసుకుంటుంది.

అంటే చీటీ డబ్బు రాత్రి
వకుళ ఆపుకున్నదీ, నేను మింగిందీ
మర్నాడు బుస్సుమని ఆవిరై
టీచరు బిస్కెట్టు రంగు కాటన్ చీర మీదినించి
ముడతలు తీసి ఉంటుంది.
ఆ చీరలోనే ఆమె పిల్లలకి
భాగహారాలు చెప్పి ఉంటుంది.
వకుళకి ఈ మాట చెబుదామనుకున్నాను.
వంటింట్లో మిక్సీ వేసింది.

జల్లెళ్లు ఆరాయి. కుడిది వెంటనే కూర్చుంది.
ఎడమదానికి ఎప్పట్లాగే అగ్గిపెట్టె అట్ట మడిచి దూర్చాను.
ఎబినేజరుకి డబ్బులిచ్చి, కాఫీ ఇచ్చి,
రిమోటు తీసుకుని ఇరవై మూడు నొక్కాను.
వకుళ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి
అంకె చూసింది.
ఏమీ అనలేదు.
ఒకటి తగ్గించింది.